మూడో పేజీలో తప్పు

"చింపెయ్యి నాన్నా. అన్నీ చింపెయ్యి."

తప్పులమ్మ ఆ మాట అనేసరికి ఇల్లంతా గతుక్కుమంది. మధ్యాహ్నం భోజనాల వేళ. బల్ల మీద కంచాలు పెట్టుకోవడానికి చోటు లేదు. దాని నిండా పుస్తకాల కట్టలే. నీలం అంచు అట్ట, అట్ట మీద నవ్వుతున్న తప్పులమ్మ ఫొటో, ఇంకా పోని ఇంకు వాసన. ‘మా అమ్మాయి ప్రసంగం’ అని పెద్దక్షరాల్లో పేరు, దాని కింద ‘హైస్కూలు గ్రాడ్యుయేషన్ సందర్భంగా’ అని చిన్నక్షరాల్లో ఒక వరస. వెనక అట్ట మీద మాత్రం అన్నిటికన్నా పెద్దగా ప్రెస్సు పేరు.

"చింపడమేమిటి తల్లీ? అచ్చయిపోయిందే!" అన్నాడు ప్రెస్సు యజమాని, అంటే వాళ్ళ నాన్న.

అచ్చయిందంటే ఆయన లెక్కలో దానికిక తిరుగులేదు. నోటితో అన్న మాట మార్చుకోవచ్చు, చేత్తో రాసింది కొట్టెయ్యవచ్చు. అచ్చులో పడ్డది మాత్రం నిజమైపోతుంది. ఈ నమ్మకం మీదే ఆయన ప్రెస్సు నడిపాడు, పిల్లల్ని పెంచాడు.

"ఎవర్నడిగి వేశావ్?"

"నిన్నడిగితే సరదా ఏముంటుందే? రేపు హాల్లో ప్రతి కుర్చీలోనూ ఒకటి ఉంటుంది. నువ్వు చదువుతుంటే జనమంతా చేతిలో పట్టుకుని వింటారు. ఏ పిల్లకి జరిగింది ఇలాగ?"

ఏ పిల్లకీ జరగలేదు, నిజమే. జరిగే అవకాశమూ లేదు. ప్రెస్సాయన కడుపున పుట్టిన పిల్లకే ఇలాంటి కష్టం వస్తుంది.

అసలు ఆ ప్రెస్సులోంచి తప్పులమ్మ కన్ను పడకుండా కాగితం ముక్క బయటికి పోదు. కూడబలుక్కుని చదివే వయసు నుంచీ ప్రూఫులు దిద్దుతోంది. పెళ్ళికొడుకు ఇంటిపేరు తారుమారైనా, శుభలేఖలో వారం తప్పు పడినా పట్టుకునేది ఆ పిల్లే. అందుకే ఆ పేరు. ఈ ఒక్క పుస్తకమే ఆమెకి తెలియకుండా, ఆమెని మురిపించాలని, ఆమె సొరుగులోంచి కాగితాలు తీసి అచ్చేశారు. తీసింది పాత ప్రసంగం. ఆమె వారం కిందటే పక్కన పడేసిన ప్రసంగం. కొత్తది ఆమె బడిసంచీలో ఉంది.

"పాతదైతే ఏమైందే?" అంది అత్త. నాన్నకి అక్క. నోరు పెద్దదైనా మనసు మంచిదని తన గురించి తనే చెప్పుకుంటుంది. "నేను చదివాను. బ్రహ్మాండంగా ఉంది. నా పేరు లేదనే గాని."

"మూడో పేజీ చదివావా అత్తా?"

"చదివానుగా. ఏముంది అందులో?"

తప్పులమ్మ ఒక పుస్తకం తీసి, మూడో పేజీ తిప్పి చదివింది. "‘మా అన్నయ్యకి చదువు అబ్బలేదు. అయినా నాన్న వాణ్ణి వదిలెయ్యలేదు. తన ప్రెస్సులోనే పెట్టుకుని మనిషిని చేశారు.’"

పెరట్లో కుళాయి తిప్పి ఉంది. అన్నయ్య అక్కడ చేతుల ఇంకు కడుక్కుంటున్నాడు. తలుపు తెరిచే ఉంది. లోపల ఎవరూ అటు చూడలేదు.

"అయితే?" అన్నాడు నాన్న. "ఉన్నమాటేగా."

"ఉన్నమాటేనా నాన్నా?"

నాన్న కుడిచేయి, రెండు వేళ్ళు లేని చేయి, మెల్లగా జేబులోకి పోయింది.

వారం కిందట బడి వరండాలో లెక్కల మేడం అన్న మాట తప్పులమ్మకి అన్నం సహించనివ్వడం లేదు. "మీ అన్నయ్యకీ నేనే చెప్పాను పాఠాలు. నా సర్వీసులో నేను బోర్డు మీద వేసిన లెక్క తప్పని లేచి చెప్పిన పిల్లాడు వాడొక్కడే. ఎందుకు మానేశాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు." ఆ సాయంత్రమే ఆ పిల్ల పాత ప్రసంగం సొరుగులో పడేసి, కొత్తది రాయడం మొదలుపెట్టింది.

"కటింగ్ మెషీను కింద నీ వేళ్ళు పోయిన ఏడే అన్నయ్య బడి మానేశాడు," అంది తప్పులమ్మ.

ఈ రెండు సంగతులూ ఆ ఇంట్లో అందరికీ తెలుసు. వేళ్ళ సంగతి చెప్పుకుంటారు, బడి మానేసిన సంగతీ చెప్పుకుంటారు. రెండూ కలిపి ఒక్క ఊపిరిలో అన్నవాళ్ళు మాత్రం ఇప్పటిదాకా లేరు.

నాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. "అంటే రేపు మైకు ముందు నిలబడి, కొడుకు బతుకు నేనే పాడుచేశానని చెప్తావా?"

"నేనలా అన్నానా?"

"మరేమిటే నీ ఉద్దేశం?" అత్త అందుకుంది. "కన్నతండ్రిని నలుగురిలో నిలబెట్టి కడిగేస్తావా? ఇందుకేనా నిన్ను చదివించింది? ఒసేవ్, నువ్వేమిటి నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు కూర్చున్నావ్? నీ కూతురే కదా, చెప్పు!"

చివరి మాట అమ్మకి. అమ్మ అప్పటిదాకా కట్టల్ని ఒక పక్కకి జరిపి కంచాలు సర్దే పనిలో ఉంది. ప్రెస్సులో ఏ పుస్తకం తయారైనా మడతలు పెట్టేది, పిన్నులు కొట్టేది ఆమే.

"వీటన్నిటికీ మడతలు పెట్టింది నేనే వదినా," అంది తలెత్తకుండా. "ఆ పేజీ వచ్చినప్పుడల్లా గబుక్కున లోపలికి మడిచేశాను. ఇన్నేళ్ళుగా నేను చేసిన పని కూడా అదే."

అత్తకి ఎప్పుడోగాని మాట తడుముకోవలసిన అవసరం రాదు. అప్పుడొచ్చింది.

నాన్న రెండు కట్టలు చంకలో పెట్టుకున్నాడు. "పుస్తకాలు హాల్లో ఉంటాయి. నువ్వు నీకిష్టమొచ్చింది చదువుకో. జనం చూస్తారు, ఏది నిజమో," అని వీధి గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.

అన్నయ్య చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. అందరి మొహాలూ చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అన్నం పెట్టమ్మా," అన్నాడు. అంతే.

*

ప్రెస్సు ఇంటికి ఆనుకునే ఉంది. ముందు కౌంటరు, వెనక కరెంటు మీద నడిచే ఆఫ్‌సెట్ మెషీను, గోడవారగా కాగితం బేళ్ళు. ఒక మూల దుప్పటి కప్పిన పాత ట్రెడిల్ మెషీను. కాలితో తొక్కి, అక్షరం అక్షరం చేత్తో పేర్చి అచ్చేసే రకం. వేళ్ళు పోయాక నాన్న దాన్ని ముట్టుకోలేదు, ఎవర్నీ అమ్మనివ్వనూ లేదు.

అన్నయ్య రోలర్లు తుడుస్తున్నాడు. తప్పులమ్మ వచ్చి కాగితాలు చాపింది.

"ఇది కొత్తది. చదువు."

అన్నయ్య నిలబడే చదివాడు. అచ్చు పని చేసేవాళ్ళ చదువు అది, పైనుంచి కిందికి చూపు జారుతూ పోతుంది, తేడా ఉన్న చోట ఠక్కున ఆగుతుంది. చాలా చోట్ల ఆగింది.

"బాగుంది. జనం ఏడుస్తారు," అన్నాడు తిరిగిచ్చేస్తూ.

"నీకెలా ఉంది?"

"నాకు కోపమొచ్చింది."

ఆమె మొహం చిన్నబోయింది. ఆ ప్రసంగం రాస్తూ తనే ఎన్నిసార్లు కళ్ళు తుడుచుకుందో. అన్నయ్య చదివి, తల నిమిరి, ఒక మంచి మాట అంటాడని ఎదురుచూసింది.

"త్యాగం, త్యాగం, త్యాగం! ఎవరే ఈ త్యాగమూర్తి? కొవ్వొత్తిలా కరిగిపోయాడట! నన్నెప్పుడైనా కరుగుతుంటే చూశావా? పూటకి రెండు కంచాలు తింటాను."

"మరి పాతదే చదవమంటావా?"

"పాతదాంట్లో నేను మొద్దుని. కొత్తదాంట్లో పాపం అమాయకుణ్ణి. రెండిట్లోనూ నేను లేను. నా గురించి రాసేటప్పుడు ఒక్కసారి నన్నడగాలని తోచలేదా నీకు?"

తోచలేదు. నిజంగానే తోచలేదు. ఊళ్ళో అందరి తప్పులూ పట్టే పిల్ల, ఎదురుగా ఉన్న మనిషిని అడగాలన్న జ్ఞానం లేకుండా రెండు ప్రసంగాలు రాసింది. సిగ్గుతో ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

తలొంచుకునే అడిగింది. "మూడో పేజీ... అచ్చేసేటప్పుడు చూశావా?"

"చూడకుండా ఎలా వేస్తారు? ఇంకు సమంగా పడుతోందో లేదో కాగితం కాగితం చూసుకోవాలి."

"అంటే ఆ మాట నీ కళ్ళ ముందు... అన్నిసార్లు..." చేతిలో కాగితాలు నలిపేసింది. "ఆపలేదేం అన్నయ్యా?"

"నువ్వు రాశావుగా. నీ అభిప్రాయం అదే కాబోలనుకున్నాను."

ఆ పిల్ల కాగితం బేళ్ళ మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. అన్నయ్యకి ఏం చెయ్యాలో తెలియలేదు. రోలరు తుడిచే గుడ్డ ఇవ్వబోయి, దాని నిండా ఇంకేనని గుర్తొచ్చి మానేశాడు.

"లేవే. అది మంచి కాగితం, తడిస్తే ఉబ్బిపోతుంది."

ఏడుపు మధ్యలోనే ఆమెకి నవ్వొచ్చింది. ముక్కు తుడుచుకుని, తిన్నగా కూర్చుని, మొదటిసారి అడిగింది. "అప్పుడేం జరిగింది? నువ్వు చెప్పు."

అన్నయ్య వెళ్ళి దుప్పటి కప్పిన ట్రెడిల్‌కి ఆనుకుని నిలబడ్డాడు.

"ఏముంది చెప్పడానికి? నాన్న ఆస్పత్రి నుంచి వచ్చాడు. అడ్వాన్సు పుచ్చుకున్న పని ఆగిపోయి ఉంది. నాకు దీన్ని తొక్కడం వచ్చు. తొక్కాను. మర్నాడూ తొక్కాను. బడికి వెళ్తావా, మానేస్తావా అని ఎవరూ అడగలేదు. నాన్న అడగలేదు, అమ్మ అడగలేదు. నేనూ నోరు తెరవలేదు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, బతిమాలలేదు. అంతే కథ. నువ్వు రాసినంత గొప్పగా ఏమీ లేదు."

"అడిగి ఉంటే ఏమనేవాడివి?"

"అదే తెలీదు. ప్రెస్సులోనే ఉంటాననేవాణ్ణేమో. ఈ పని నాకు ఇష్టమే. మెషీను బాగా తిరుగుతున్నప్పుడు ఆ చప్పుడు వింటుంటే హాయిగా ఉంటుంది. కాని అడిగి ఉంటే అది నా మాట అయ్యుండేది. తర్వాత నాన్న వచ్చినవాళ్ళందరికీ ‘మావాడికి చదువు అబ్బలేదండీ’ అని చెప్పడం మొదలుపెట్టాడు. మొదట్లో మండిపోయేది. రానురానూ నేనే నమ్మేశాను."

"నిజంగా నమ్మావా?"

అన్నయ్య కాస్త ఇబ్బందిగా నవ్వాడు. "పూర్తిగా కాదులే. గైడులు అచ్చుకొస్తాయి చూడు, వెనకాల లెక్కలకి జవాబులుంటాయి. తప్పులుంటే నేనే దిద్దేసేవాణ్ణి. నువ్వు అక్షరాలు చూసేదానివి, అంకెలు నేను చూసుకునేవాణ్ణి. నీకు చెప్పలేదంతే."

తప్పులమ్మ అన్నయ్యని కొత్తమనిషిని చూసినట్టు చూసింది. ఒకే బల్ల మీద, ఒకే ప్రూఫు మీద, ఇన్నేళ్ళూ ఇద్దరూ తప్పులు దిద్దారు. ఒకరి పని రెండోవాళ్ళకి తెలియదు.

"ఇదంతా రేపు చెప్పనా?"

"అడుగుతున్నావా?"

"అడుగుతున్నాను. వద్దంటే చెప్పను. ప్రాణం పోయినా చెప్పను."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. కౌంటరు మీద ఫోను మోగి మోగి ఆగిపోయింది.

"చెప్పు," అన్నాడు చివరికి. "కాని రెండు షరతులు. జాలి పడ్డావంటే లేచి వెళ్ళిపోతాను. నాన్నని చిన్నబుచ్చావంటే నీతో మాట్లాడను. అప్పుడాయన పరిస్థితి నాకు తెలుసు, నీకు తెలీదు."

ఇద్దరూ నేలమీద చతికిలబడ్డారు. పాడైపోయిన శుభలేఖల వెనకవైపు రాయడం మొదలుపెట్టారు. ఆమె రాసేది, అన్నయ్య కొట్టేసేవాడు. "ఇది నాటకం." "ఇది అత్త భాష." "ఇదెవరి మాటే, నువ్వెప్పుడైనా ఇలా మాట్లాడావా?" అందరికీ ఎర్రగీతలు గీసే పిల్లకి తన రాత మీద గీత పడితే ఎంత మండుతుందో అప్పుడు తెలిసింది. మండినకొద్దీ రాత బాగుపడుతోందని కూడా తెలిసింది. ఎండ కౌంటరు మీదినుంచి దిగిపోయేసరికి ప్రసంగం ఒక్క కాగితానికి వచ్చింది.

*

మర్నాడు మధ్యాహ్నం బడి హాలు కిటకిటలాడిపోయింది. నాన్న అన్నంత పనీ చేశాడు. ప్రతి కుర్చీలోనూ నీలం పుస్తకం. జనం దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నారు, కొందరు విసురుకుంటున్నారు. మొదటి వరసలో నాన్న, ఇస్త్రీ మడత నలగని చొక్కాలో, కర్ర మింగినట్టు కూర్చున్నాడు. కూతురితో మాటలు లేవు. పక్కన అత్త, ఆ పక్కన అమ్మ. అన్నయ్య వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

హెడ్‌మిస్ట్రెస్ పిలిచింది. తప్పులమ్మ మైకు దగ్గరికి వెళ్ళింది. చేతిలో శుభలేఖ, దాని వెనకవైపు ప్రసంగం.

హాల్లో అందరూ ఒక్కసారిగా పుస్తకాలు తెరిచారు.

"అందరికీ నమస్కారం. మాది అచ్చు పని చేసే ఇల్లు," అని మొదలుపెట్టింది.

మొదటి పేజీలో ఆ మాట లేదు. జనం రెండో పేజీ తిప్పారు. అక్కడా లేదు. రెండో వరసలో ఒక పెద్దమనిషి పుస్తకం తిరగేసి, మళ్ళీ తిరగేసి, పక్కాయనతో "మీదాంట్లో ఉందా?" అన్నాడు గట్టిగానే. కాగితాల గలగల హాలు ఈ చివరినుంచి ఆ చివరికి పోయింది. నాన్న తల పుస్తకంలోకి వాలిపోయింది.

"వెతక్కండి, అందులో లేదు," అంది తప్పులమ్మ. పిల్లలు ఘొల్లుమన్నారు.

"మీ చేతిలో ఉన్న పుస్తకం మా నాన్న ప్రేమగా అచ్చేయించారు. ఇంకు, కాగితం, మడత అన్నీ మేలురకం. ఒక్క తప్పుంది. ఆ తప్పు రాసింది నేను. అచ్చయ్యాక తప్పు బయటపడితే మా ప్రెస్సులో పుస్తకాలు చింపరు. చిన్న కాగితం మీద తప్పేదో ఒప్పేదో అచ్చేసి లోపల పెడతారు. తప్పొప్పుల పట్టిక అంటారు. ఇవాళ నా ప్రసంగం అదే."

గలగల ఆగిపోయింది.

"మూడో పేజీ తియ్యండి. ‘మా అన్నయ్యకి చదువు అబ్బలేదు’ అని ఉంది. అది తప్పు. మా అన్నయ్యని ఎవరూ అడగలేదు. ఇది ఒప్పు."

నాన్న తల ఎత్తలేదు. అత్త నోరు తెరిచింది. అమ్మ ఆమె చేతిమీద చెయ్యి వేసింది, నోరు మూతపడింది.

"మా ఇంట్లో ఒక కష్టమొచ్చింది. అప్పుడు మా నాన్న నొప్పితో మంచంలో ఉన్నారు. అడిగే స్థితిలో లేరు. ఆయన మీద నాకు కోపం లేదు. ఊళ్ళో వాళ్ళ తప్పులన్నీ పట్టుకుంటూ, మా ఇంట్లో ఉన్న ఈ తప్పు కనిపెట్టలేకపోయానని నా మీదే నాకు కోపం. మా అన్నయ్య మెషీను తొక్కాడు. ఆ మెషీను చప్పుడు వింటూ నేను చదువుకున్నాను. ఆ పని తనకి ఇష్టమేనని నిన్న చెప్పాడు. నిన్న ఎందుకు చెప్పాడంటే, నేను నిన్నే అడిగాను కాబట్టి."

ఆమె తన క్లాసువాళ్ళ వైపు తిరిగింది.

"ఒరేయ్, మనల్ని ఇప్పుడందరూ చంపుకు తింటున్నారు కదా. తర్వాత ఏం చదువుతావ్, ఏం చేస్తావ్, ఏమవుతావ్? ఎదురింటివాళ్ళు అడుగుతారు, బస్సులో తెలియనివాళ్ళు అడుగుతారు. నాకూ చిరాకే. కాని నిన్నట్నుంచీ చిరాకు పోయింది. ఎవరో ఒకరు మనల్ని అడుగుతున్నారంటే మన బతుకు మన చేతిలో పెడుతున్నారన్నమాట. మన ఇళ్ళల్లో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యని మనిషి ఒకరుంటారు. అన్నయ్యో, అక్కో, అమ్మో. సాయంత్రం ఇంటికెళ్ళి అడగండి. ఆలస్యమైపోయిందని మానెయ్యకండి. మా ఇంట్లో ఆలస్యంగానే అడిగాం. జవాబు ఇంకా ఉంది."

చేతిలో శుభలేఖ మడిచింది.

"పుస్తకం దాచుకోండి, మా నాన్న సంతోషిస్తారు. తప్పు మాత్రం దిద్దుకోండి. సెలవు."

అప్పుడు టీచర్ల వరసలోంచి లెక్కల మేడం లేచి నిలబడి, వెనక తలుపు వైపు తిరిగి, చప్పట్లు కొట్టింది. తర్వాత పిల్లలు లేచారు. తర్వాత హాలు లేచింది. పైకప్పు ఎగిరిపోతుందేమో అన్నంత మోత. అందరి మొహాలూ తలుపు వైపు. అన్నయ్య వెళ్ళిపోలేదు. గుమ్మం పట్టుకుని, పళ్ళు బిగించి, నిండిన కళ్ళతో నిటారుగా నిలబడ్డాడు. ఆ చప్పట్లలో ఎవరికైనా జాలి కనిపించి ఉంటే అది వాళ్ళ చూపు తప్పు.

చప్పట్లు సద్దుమణుగుతుండగా ఇంకో చప్పుడు మొదలైంది. టిక్కు, టిక్కు, టిక్కు. పెన్నుల మూతలు తీస్తున్న చప్పుడు. ఒక పిల్ల ఒళ్ళో పుస్తకం పెట్టుకుని మూడో పేజీలో గీత గీసి దిద్దింది. పక్కపిల్లాడు ఆ పెన్నే తీసుకున్నాడు. వరసలు వరసలుగా జనం తలలు వంచి దిద్దుతున్నారు. రెండో వరస పెద్దమనిషి కళ్ళజోడు సర్దుకుని మరీ దిద్దాడు. తప్పులమ్మకి గుండె నిండిపోయింది. తను ఒక్కతే చేసే పని ఊరంతా చేస్తోంది.

"ఏమండీ, కాస్త పెన్ను ఇస్తారా?" అని వెనకవాళ్ళని అడుగుతోంది అత్త.

తప్పులమ్మ నవ్వుతూ మొదటి వరసలోకి చూసింది. నాన్న కుర్చీ ఖాళీగా ఉంది.

*

"ఎప్పుడు లేచెళ్ళాడో నేనూ చూడలేదు," అంది అమ్మ దారి పొడవునా. పట్టా, పూలగుత్తీ తప్పులమ్మ చేతిలో బరువెక్కిపోయాయి. ఆమెకి గెలిచానో ఓడానో తెలియడం లేదు.

అన్నయ్య ముందు నడుస్తున్నాడు. ఇందాక హాలు మెట్లు దిగుతున్నప్పుడు లెక్కల మేడం అతని దారికి అడ్డంగా నిలబడింది. "పనిచేసుకునేవాళ్ళకి సాయంత్రం క్లాసులు పెడుతున్నాం. నువ్వొచ్చి కూర్చోవచ్చు. రేపు పొద్దుటికల్లా నాకు చెప్పు," అంది. "చూస్తానండీ," అన్నాడు అన్నయ్య.

వీధి మలుపు తిరిగేసరికి ప్రెస్సు షటరు సగం పైకెత్తి ఉంది. లోపల్నుంచి చప్పుడు. టకటక, ధడ్. టకటక, ధడ్.

అన్నయ్య ఆగిపోయాడు. "అది మన మెషీను కాదు," అన్నాడు. "పాతది."

అందరూ షటరు కింది నుంచి వంగి లోపలికి దూరారు.

దుప్పటి నేలమీద పడి ఉంది. నాన్న ట్రెడిల్ ముందు నిలబడి తొక్కుతున్నాడు. ఇస్త్రీ చొక్కా మోచేతులదాకా ఇంకు. వేళ్ళు లేని చేత్తో కాగితం పెడుతున్నాడు, రెండో చేత్తో తీస్తున్నాడు. సగం కాగితాలు జారి కాళ్ళ దగ్గర పడుతున్నాయి. తీసినవి బల్ల మీద కుప్పగా ఉన్నాయి, చిన్నచిన్న చీటీలు.

తప్పులమ్మ ఒకటి తీసుకుంది. అలవాటు కొద్దీ మొదట తప్పుల కోసం చూసింది.

‘మూడో పేజీ. తప్పు: మా అన్నయ్యకి చదువు అబ్బలేదు. ఒప్పు: మా అబ్బాయిని నేను అడగలేదు.’

ఎవరూ అని చెప్పింది ఆమె. నేను అని అచ్చేసుకున్నాడు ఆయన. వరస వంకరగా ఉంది, ఒక పక్క ఇంకు చిక్కగా పడింది. ఒక్కొక్క అక్షరం ఆ చేత్తో పేర్చడానికి ఎంత అవస్థ పడ్డాడో. తప్పు మాత్రం లేదు. ఆ పిల్ల ఆ చీటీని గుండెకి హత్తుకుంది, ఇంకు అంటుకుంటుందని తెలిసి కూడా.

"అచ్చయింది," అన్నాడు నాన్న ఆమె వైపు చూడకుండా. "పుస్తకం తీసుకున్నవాళ్ళందరికీ పంచిరావాలి. నేనే వెళ్తాను."

పెడలు మీంచి కాలు తీసేశాడు. మెషీను నెమ్మదించి ఆగింది. గుడ్డ కోసం వెతుక్కున్నాడు. అన్నయ్య అందించాడు. ఆయన చేతులు తుడుచుకున్నాడు, ఎంతసేపు తుడుచుకున్నా తెమలలేదు.

వీధిలోంచి ఎవరో శుభలేఖల కోసం వచ్చి షటరు తట్టారు. "ఇవాళ పని లేదు, రేపు రండి," అని అమ్మ షటరు కిందికి లాగేసింది. అత్త ఒక మాటైనా అనకుండా గోడవార నిలబడింది. ఆ ఇంటి చరిత్రలో అది కూడా రాసిపెట్టుకోవలసిన సంగతే.

"ఒరేయ్," అన్నాడు నాన్న. గుడ్డ పక్కన పెట్టాడు. "ఈ మెషీన్ల సంగతి నేను చూసుకుంటాను. మనిషిని పెట్టుకుంటాను, లేకపోతే నేనే తొక్కుతాను. అది నువ్వు ఆలోచించకు. నీకు... నీకేం చెయ్యాలనుందిరా?"

అన్నయ్య ఆయన్ని చూశాడు. ట్రెడిల్‌ని చూశాడు, ఆఫ్‌సెట్‌ని చూశాడు. బల్ల మీది చీటీల కుప్పలోంచి ఒకటి తీసి, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అలవాటుగా రోలరు తుడవడానికి గుడ్డ అందుకోబోయి, దాన్ని అక్కడే వదిలేశాడు.

కాగితం బేళ్ళ మీద పక్కపక్కనే ఇద్దరికి చోటు చేశాడు.

"కూర్చో నాన్నా," అన్నాడు. "చెప్తాను. చాలా ఉంది."